నిమ్మకాయ పక్కన గంట

ఇంతవరకు జరిగింది నాలుగు మాటల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

‘మాణిక్యాంబ’ అనే ఓడ పంతొమ్మిది వందల ముప్ఫై ఆరులో, రంగూను దారిలో, తుఫానుకు మునిగిపోయిందని తాళ్ళరేవులో అందరికీ తెలుసు. దాన్ని కట్టింది మేస్త్రి త్రిమూర్తులు. నడిపింది తండేలు సత్తెయ్య. ఓడతో పాటు తిరిగిరాని సత్తెయ్యకు, తాగి ఓడ ముంచాడని పేరు. ఆ పేరు ఆయనతో పోలేదు. కొత్త పడవ నీళ్ళలోకి దిగే రోజున మొదటి కొబ్బరికాయ తండేలు ఇంటివాడు కొట్టాలి. సత్తెయ్య ఇంటివాళ్ళ చేతికి ఆ కాయ ఇవ్వరు. తమ సొంత పడవకైనా సరే, పక్కింటివాడు కొడితే వాళ్ళు దూరంగా నిలబడి చూడాల్సిందే.

సత్తెయ్య మనవడు బుల్లియ్యకు ఇప్పుడు అరవై ఎనిమిది. ఆఖరుగా ఒక చెక్క పడవ కట్టించుకుంటున్నాడు. కడుతున్నది త్రిమూర్తులు మనవడు గంగరాజు మేస్త్రి. మాఘ పౌర్ణమికి పడవ దిగాలి. ఈలోపల మేస్త్రి కోడలు శ్రీదుర్గకు ఫోనులో ఆ మునిగిన ఓడ గంట కనిపించింది. ఇంగ్లండులో ఒక రేవు ఊళ్ళో, పాత సామాన్ల కొట్టువాళ్ళు అమ్మకానికి పెట్టారు. ఓడ పేరు, కోరంగి రేవు పేరు, కట్టిన సంవత్సరం గంట మీద చెక్కి ఉన్నాయి. ఆ గంట తన పడవకు కట్టుకుంటే తాత ఒడ్డెక్కినట్టేనని బుల్లియ్య ఆశ. రెండో ఇంజనుకని దాచుకున్న లక్షా ఎనభై వేలు దానికి తీసి పెట్టాడు. ఆ డబ్బు పోతే ఇంజనూ లేదు, గంటా లేదు.

కిందటి వారం చివర బుల్లియ్య అల్లుడు హరిబాబుకు ఒక మెయిల్ వచ్చింది. అమ్మకాల సైటులో కాకుండా నేరుగా మా బ్యాంకు ఖాతాకు పంపితే పావు వంతు తగ్గిస్తాం, గడువు శుక్రవారం అని.

ఆ శుక్రవారం తెల్లారింది.

*

గంగరాజు షెడ్డులో పడవ పక్కన కూర్చుని, నీళ్ళు చొరకుండా చెక్కల సందుల్లో దూది కూరుతున్నాడు. వెనక చెక్క మీద ఇంటి గుర్తు నిన్ననే చెక్కాడు. చెక్క చెక్కే బాడిస ఒకటి, దాని కింద మూడు చుక్కలు. తాతకు అక్షరాలు రావు. ఎక్కడ సంతకం పెట్టమన్నా అదే బొమ్మ గీసేవాడట. గంగరాజుకు సంతకం వచ్చు. అయినా కట్టిన ప్రతి పడవకూ తాత గుర్తే చెక్కుతాడు.

బుల్లియ్య పక్కన పీట మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. రోజూ వస్తాడు. పని చేయడు, సలహాలు ఇస్తాడు.

"దూది ఇంకాస్త దట్టించు మేస్త్రీ. నాకు ఈత వచ్చుగానీ చేపలకి జాలి లేదు."

"చుట్ట దూరంగా పెట్టుకో. దూది అంటుకుంటే నీకు ఈత పనికిరాదు."

ఇంతలో హరిబాబు వచ్చాడు. భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ ఉన్న మనిషి. రాత్రే అత్తవారింటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట బొట్టు, చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో బ్యాంకు కాగితాలు, రెండు తమలపాకులు, ఒక పసుపు కొమ్ము.

"మావయ్యా, లే. పదిన్నర దాటితే వర్జ్యం. ఆలోపల కాకినాడ బ్యాంకులో కాగితం పడిపోవాలి. నువ్వు సంతకం పెట్టాలి, అంతే."

బుల్లియ్య చుట్ట ఆర్పి లేచాడు. గంగరాజు లేవలేదు.

"గంట చూశారాండీ?" అన్నాడు దూది కూరుతూనే.

"ఫొటోలు చూశాం కదండీ, మేస్త్రి గారూ. మీ కోడలు గారే చూపించారు."

"ఏ వైపు?"

"ముందు వైపు. ధగధగా మెరిసిపోతోంది."

"మీరు బజారులో పండుగప్ప కొంటే మెరుపు చూసి కొంటారా, మొప్ప ఎత్తి చూస్తారా?"

హరిబాబు నవ్వాడు. "చేపంటే చేతిలో ఉంటుందండి. ఇది ఇంగ్లండులో ఉంది. మొప్ప ఎలా ఎత్తుతాం?"

"మనం ఎత్తక్కర్లేదు. అమ్మేవాడిని ఎత్తి చూపించమనాలి."

ఇంట్లోంచి పాపాయి వచ్చింది. గంగరాజు భార్య. శుక్రవారం కాబట్టి పడవ ముక్కుకు కట్టడానికి పళ్ళెంలో నిమ్మకాయలు, పసుపు తెచ్చింది. గంగరాజు పళ్ళెంలోంచి ఒక కాయ తీసుకుని అరచేతిలో దొర్లించాడు. కోడలిని కేకేశాడు.

శ్రీదుర్గ కాకినాడలో కొరియర్ ఆఫీసులో పని చేస్తుంది. ఈ గంట సంగతి తేలాలని ఆ రోజుకు సెలవు పెట్టింది. ఫోను పట్టుకునే వచ్చింది.

"అమ్మా, ఆ గంట పక్కన ఒక నిమ్మకాయ పెట్టి ఫొటో తీసి పంపమని అడుగు. ఇవాళ తీసింది కావాలి. గంట తిరగేసి లోపలి వైపు కూడా తీయమను."

హరిబాబుకు నవ్వు ఆగలేదు. "లండన్ దొరకి దిష్టి తీయిస్తారాండీ?"

"గంట ఎవరి దగ్గరుందో వాళ్ళే దాని పక్కన నిమ్మకాయ పెట్టగలరు," అన్నాడు గంగరాజు. "లేనివాడు పెట్టలేడు. ఉన్న ఫొటో ఎవడైనా పంపుతాడు."

శ్రీదుర్గ ముఖం వెలిగింది. "నిజమే మావయ్యా. ఇంకోటండీ. గంట మనం చూసింది సైటులో. మెయిల్ వచ్చింది వేరే దారిలో. ఇద్దరూ ఒకరేనని మనకి ఎవరు చెప్పారు? రెండు చోట్లా అడుగుతాను. సైటులో కొట్టువాళ్ళకి ఒకటి, మెయిల్‌కి ఒకటి."

"ఆయనకి మనమీద నమ్మకం పోతుందమ్మా," అన్నాడు హరిబాబు. "బేరం చెడుతుంది."

"నిమ్మకాయ అడిగితే చెడే బేరం చెడనివ్వండి," అన్నాడు గంగరాజు.

శ్రీదుర్గ రెండూ పంపింది. అప్పుడు టైము తొమ్మిదిన్నర.

అయిదు నిమిషాలు కాకుండానే మెయిల్‌కు జవాబు వచ్చింది. శ్రీదుర్గ తెలుగులో చెప్పింది. గంటను ఇప్పటికే జాగ్రత్తగా ప్యాక్ చేసేశామండి, ఇక ఫొటోలు తీయడం కుదరదండి, ఇంకొకరు కూడా అడుగుతున్నారండి, ఈ రోజే డబ్బు పంపండి అని.

"చూశారా," అన్నాడు హరిబాబు. "ఎంత చక్కగా రాశాడో! ప్యాకింగు కూడా అయిపోయిందట."

గంగరాజు దూది కూరడం ఆపాడు.

"డబ్బు అందకుండానే మూట కట్టేశాడా?"

"నేను యాభై ఏళ్ళుగా పడవలు కడుతున్నాను. డబ్బు ముట్టకుండా ఎవడికీ తాడు విప్పి ఇవ్వలేదు. ఈయనెవరో నాకంటే మంచివాడు."

బుల్లియ్య కూడా ఒక మాట వేశాడు. "శ్రీదుర్గమ్మా, ఇప్పుడు అక్కడ టైమెంత?"

"తెల్లవారుజామున నాలుగండీ."

"నాలుగింటికి మేలుకుని ఉన్నాడంటే కొట్టువాడు కాదు. మాలాగా వేటకెళ్ళేవాడు."

"ఏం వేటకో," అంది పాపాయి.

శ్రీదుర్గ హరిబాబు చేతిలోంచి బ్యాంకు కాగితం తీసుకుని చూసింది. "కొట్టు ఇంగ్లండులో ఉంది. కొట్టు యజమానురాలు ఆడమనిషి, సైటులో పేరుంది. ఈ ఖాతా వేరే దేశంలో ఉంది. పేరు ఎవరో మగాయనది. హరిబాబు గారూ, మా ఆఫీసుకి పార్శిల్ ఒక పేరు మీద, గుర్తింపు కార్డు ఇంకో పేరు మీద పట్టుకొస్తే మేము ఇవ్వమండి. అరటిపళ్ళ గెలైనా ఇవ్వం."

"ఆయన బావమరిది ఖాతా అయ్యుండొచ్చు."

"అయితే బావమరిదికి తాంబూలం పెట్టండి. మీ మావయ్య డబ్బు ఎందుకు?" అంది పాపాయి.

బుల్లియ్య అటూ ఇటూ చూశాడు. అల్లుడు చదువుకున్నవాడు, వ్యాపారం చేసేవాడు. మేస్త్రి తనకు చిన్ననాటి స్నేహితుడు. ఒకరి మాట వింటే ఇంకొకరికి కష్టం. చివరికి పీట మీద మళ్ళీ కూర్చున్నాడు.

"నిమ్మకాయ చూసే సంతకం పెడతానల్లుడూ."

హరిబాబుకు కోపం వచ్చింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి గొంతు పెంచాడు.

"మీ అందరికీ ఆట్లాడుకోవడమే! వర్జ్యం వస్తే బేరం కలిసొస్తుందా? తొంభై ఏళ్ళ తర్వాత దొరికిన వస్తువు. పావు వంతు తగ్గించాడు. ఇంక ఎవడైనా తగ్గిస్తాడా? మావయ్య కోసం కాకపోతే నాకెందుకండీ ఇదంతా? అయినా ఆయన మాట తప్పడు. తప్పలేడు."

"ఎందుకు తప్పలేడు?" అడిగాడు గంగరాజు.

హరిబాబు కవరు మడిచి పడవకు అవతల వైపు వెళ్ళి నిలబడ్డాడు.

పదిన్నర అయింది. వర్జ్యం వచ్చింది. ఏమీ కాలేదు. గంగరాజు ఇంకో సందు దూదితో నింపాడు.

*

మధ్యాహ్నం భోజనం గంగరాజు ఇంట్లోనే. గోంగూర పచ్చడి, రొయ్యల వేపుడు. హరిబాబు ముందు వద్దన్నాడు. పాపాయి విస్తరి వేశాక కూర్చున్నాడు. రొయ్యలు రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. కోపం మాత్రం దిగలేదు.

మూడు గంటలకు శ్రీదుర్గ ఫోను మోగింది. ఈసారి సైటులోంచి. ఇంగ్లండులో కొట్టు తెరిచే వేళ.

అందరూ పడవ నీడలో చేరారు. ఫొటో వచ్చింది. బల్ల మీద గంట. పక్కన పచ్చటి నిమ్మకాయ. కొట్టావిడ నిమ్మకాయ కింద ఒక తెల్ల కాగితం పెట్టి, దాని మీద ఆనాటి తేదీ రాసింది.

"పెట్టింది!" అని బుల్లియ్య లేచి నిలబడ్డాడు. "నిమ్మకాయ పెట్టింది మేస్త్రీ! ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి నిమ్మకాయ!"

గంగరాజు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు. వేళ్ళతో కొలిచాడు. తర్వాత ఫోను కోడలికి ఇచ్చేశాడు.

"ఇది కాదమ్మా."

"ఏం మావయ్యా?"

"మాణిక్యాంబ గంట మూతి జానెడని మా నాన్న చెప్పేవాడు. ఇది నిమ్మకాయకి మూడింతలే ఉంది. మన కాయతో కొలిస్తే మూడు కాయలు బెత్తెడు కంటే కాస్త ఎక్కువ. జానెడు రాదు. ఇది ఏదో పూజగంట. పేరు కొత్తగా చెక్కి ఉంటారు."

"సైటులో తొమ్మిది అంగుళాలని రాశారు కదండీ."

"రాసిన కొలత రాసినవాళ్ళది. చూసిన కొలత మనది."

బుల్లియ్య ముఖం వాడిపోయింది. హరిబాబు పెదవి విరిచాడు. "సరే. ఆవిడ దొంగ. మా వాడూ దొంగ. ఇంకెవరండీ దొర?"

పాపాయి కళ్ళజోడు పెట్టుకుని ఫోను లాక్కుంది.

"ఇదేం నిమ్మకాయండీ?" అంది. "ముక్కు చూడండి, పొడుగ్గా. తోలు చూడండి, గరుకుగా. ఇది దబ్బకాయకి చెల్లెలు. మన నిమ్మకాయలు రెండు పడతాయి దీన్లో."

శ్రీదుర్గ పకపకా నవ్వింది. "అవును మావయ్యా! అక్కడ నిమ్మకాయలు అంతంత ఉంటాయి. మా ఆఫీసులో క్యాలెండరు మీద బొమ్మ ఉంది. నేను చూసి కూడా గుర్తు చేసుకోలేదు."

గంగరాజు చేతిలో తమ ఊరి నిమ్మకాయ ఉంది. దాన్ని చూశాడు. ఫోను చూశాడు. ఆయన నవ్వడం అరుదు. నవ్వాడు.

"ఓడలు కొలిచినవాణ్ణి, నిమ్మకాయ కొలవలేకపోయాను."

"అన్ని దేశాల్లో ఒకే కొలత ఉండేది ఏదండీ?" అంది శ్రీదుర్గ.

పాపాయి లోపలికి వెళ్ళి టీవీ రిమోటు తెచ్చింది. వెనక మూత తీసి చిన్న సెల్లు బయటికి లాగింది. "ఇవి అన్నిచోట్లా ఒకటేనా?"

"ఒకటే అత్తయ్యా."

"అయితే ఇవి పెట్టమను. ఆవిడ ఇంట్లో టీవీ ఉండకపోదు."

శ్రీదుర్గ రాసింది. క్షమాపణ కూడా చెప్పింది. లోపలి వైపు ఫొటో మళ్ళీ గుర్తు చేసింది. గంట మీకు ఎలా వచ్చిందో కాగితం ఏమైనా ఉందా అని అడిగింది. మీ పేరుతో ఒక మెయిల్ వచ్చింది, అది మీరు రాసిందేనా అని కూడా అడిగింది.

పావుగంటలో జవాబు. కొట్టావిడకు ఈ ఆట నచ్చినట్టుంది. గంట మూతి పక్కనే బల్ల మీద నాలుగు సెల్లులు ఒకదాని వెనక ఒకటి వరసగా పేర్చి ఫొటో తీసింది. ఇంకా సగం సెల్లంత చోటు మిగిలింది. గంగరాజు రిమోటు సెల్లును తన జాన పొడుగునా నాలుగుసార్లు పెట్టి చూశాడు. బొటనవేలి దగ్గర సగం సెల్లంత చోటు మిగిలింది.

"జానెడే," అన్నాడు.

బుల్లియ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

శ్రీదుర్గ చదువుతూ వచ్చింది. "ఆవిడ అంటున్నారు, ‘నేను మీకు మెయిల్ రాయలేదు. నా సరుకు ఫొటోలు ఎవరో ఎత్తుకుని నా పేరుతో రాస్తున్నారు. ఇంతకుముందు కూడా ఒకసారి జరిగింది. దయచేసి బయట ఎక్కడా డబ్బు కట్టకండి. సైటులోనే కట్టండి. గంట మీకు అందకపోయినా, వచ్చింది నేను చెప్పినది కాకపోయినా అక్కడైతే మీరు అడగగలరు’ అని. పార్శిల్‌కి బీమా చేయిస్తారట. మన దేశంలో కస్టమ్స్ పన్ను ఎంతో ముందే కనుక్కోమన్నారు. అది నేను ఆఫీసులో కనుక్కుంటాను."

హరిబాబు పడవకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. ఇస్త్రీ చొక్కాకు రంపపు పొట్టు అంటుకుంది. దులుపుకోలేదు.

"మావయ్యా," అన్నాడు. "నేను సంచకారం పంపేశాను."

"ఏంటల్లుడూ?"

"సోమవారం. మంచి ముహూర్తం ఉందని. బయానా ఇరవై వేలు. నా కార్డు మీద. వాడు ఒక లింకు పంపితే కట్టేశాను. మీకు చెప్తే వద్దంటారని చెప్పలేదు. సంచకారం పుచ్చుకున్నాక మాట తప్పరు కదాని... మన దగ్గర ఎవరైనా తప్పుతారా? చేపల చెరువు బేరానికి పదకొండు రూపాయలు చేతిలో పెడితే ఆ మాట మీద ఉంటారు కదా."

పొద్దున ‘తప్పలేడు’ అని ఎందుకన్నాడో అప్పటికి అందరికీ అర్థమైంది.

"వాడికి సంచకారమంటే ఏంటో తెలీదు బాబూ," అన్నాడు గంగరాజు. గొంతులో కోపం లేదు. "అది తెలిసినవాడి చేతిలోనే పెట్టాలి."

శ్రీదుర్గ అప్పటికే హరిబాబు ఫోను అందుకుంది. "కార్డు మీద కట్టడం కాస్త నయమండి. ఖాతాకి పంపుంటే నమస్కారమే. ముందు బ్యాంకువాళ్ళకి ఫోను చేసి కార్డు ఆపిద్దాం. మోసం జరిగిందని ఫిర్యాదు రాయిద్దాం. తర్వాత 1930కి చేద్దాం, సైబర్ పోలీసులకి. ఆ మెయిల్‌లు ఏవీ తీసేయకండి, అవే సాక్ష్యం."

అరగంట పట్టింది. బ్యాంకు అమ్మాయి ఫిర్యాదు నంబరు ఇచ్చింది. వస్తుందని చెప్పలేదు, రాదనీ చెప్పలేదు. విచారిస్తాం, రోజులు పడుతుంది అంది. హరిబాబు నంబరును తమలపాకుల కవరు మీదే రాసుకున్నాడు.

"మొత్తం పోకుండా ఒక నిమ్మకాయతో ఆగింది," అన్నాడు బుల్లియ్య. అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఆ ఇరవై వేలు రాకపోతే నా చేపల్లో సగం నీకు. ఐసు మాత్రం నువ్వే వెయ్యాలి."

హరిబాబు తల వంచుకునే నవ్వాడు. పాపాయి అందరికీ టీ తెచ్చింది. మేస్త్రికి పంచదార ఒక చెంచా ఎక్కువ వేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు.

*

ఇంకా రెండు ఫొటోలున్నాయని శ్రీదుర్గకు టీ తాగాక గుర్తొచ్చింది.

మొదటిది గంట లోపలి వైపు. కొట్టావిడ బయట మాత్రమే తోమింది. లోపల ముట్టుకోలేదు. గంగరాజు ఫోను పట్టుకుని ఎండలోకి వెళ్ళాడు. చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. వెనక్కి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు.

"ఏంటి మేస్త్రీ, గర్భగుడి ప్రదక్షిణలా తిరుగుతున్నావు?"

"బుల్లియ్యా, సముద్రంలో పడ్డ ఇత్తడి నువ్వు చూశావా?"

"వలలో ఎన్నోసార్లు వచ్చింది. పచ్చగా పాకురు పట్టి, తినేసి, గుల్లలు అంటుకుని..."

"ఇది చూడు. ఎక్కడా గుంట లేదు. గుల్ల అంటిన మచ్చ లేదు. నాలుక కొట్టిన చోట ఒక్కటే అరిగింది. పైన బోల్టు చూడు. విరగలేదు. పట్టకారుతో తిప్పి విప్పారు." ఫోను దించాడు. "ఇది నీళ్ళలో పడ్డ గంట కాదు. ఓడ మీంచి చేత్తో విప్పిన గంట."

బుల్లియ్యకు వెంటనే ఎక్కలేదు. ఎక్కాక మేస్త్రి భుజం పట్టుకున్నాడు.

"అంటే ఓడ..."

"మునగలేదు."

కాలవలో ఎవరిదో ఇంజను పడవ వెళ్ళింది. ఆ అల ఒడ్డును తాకి ఊరుకుంది.

"మా తాత ఓడ ముంచలేదు," అన్నాడు బుల్లియ్య. ఆ మాట మొదటిసారి నోట్లో పెట్టుకుని రుచి చూసినట్టుగా అన్నాడు. ఇంకోసారి అన్నాడు. "మా తాత ఓడ ముంచలేదు. పాపాయమ్మా, విన్నావా? మా నాన్న ఆ కాయ కొట్టకుండానే పోయాడు. నేను కొడతాను. పౌర్ణమికి నా పడవకి నేనే కొడతాను. ఎవడు అడ్డమొస్తాడో రమ్మను!"

"ఎవరూ రారన్నయ్యా. కొట్టండి," అంది పాపాయి. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

గంగరాజు సంతోషించాడు. చాలా కాలానికి తన పనితనం పడవలకు కాక ఒక మనిషికి అక్కరకొచ్చింది. నిమ్మకాయ ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని పడవ ముక్కుకు తనే కట్టాడు.

"రెండోది కాగితం ఫొటో మావయ్యా," అంది శ్రీదుర్గ. "గంట ఆవిడ తాతగారు రంగూనులో కొన్నారట. ఓడలు విప్పి చెక్క అమ్మే ఆసామి దగ్గర. ఆ ఆసామి ఓడ కొన్నప్పటి కాగితం కూడా గంటతో పాటే ఇచ్చాడట. చదువుతాను." ఫోను దగ్గరికి పెట్టుకుంది. "మాణిక్యాంబ అనే ఓడ, తెరచాపలతో సహా, నీళ్ళ మీద మంచి స్థితిలో ఉన్నది, విప్పడానికి కొన్నాను... సంవత్సరం పంతొమ్మిది వందల ముప్ఫై ఏడు."

"మునిగిందన్న మరుసటేడు!" అన్నాడు హరిబాబు. అతను కూడా లేచి వచ్చాడు.

"అమ్మినవాడి సంతకం..." శ్రీదుర్గ ఆగింది. "సంతకం లేదండి. ఏదో బొమ్మ గీసుంది. సరిగా కనపడట్లేదు. మీరు చూడండి మావయ్యా."

గంగరాజు ఫోను తీసుకున్నాడు. కోడలు నేర్పినట్టు రెండు వేళ్ళతో సాగదీశాడు. బొమ్మ పెద్దదైంది.

ఒక బాడిస. దాని కింద మూడు చుక్కలు.

"ఎవరిది మేస్త్రీ?" అన్నాడు బుల్లియ్య. ముఖం ఇంకా వెలుగుతూనే ఉంది. "ఎవడు అమ్మాడు మా తాత ఓడని? ఆ దొంగ పేరేదో చెప్పు."

తాత త్రిమూర్తులు రంగూను నుంచి తిరిగొచ్చి ఊరందరినీ పిలిచి, ఓడ మునిగింది, తండేలు తాగి ముంచాడు అని ఏడ్చాడని గంగరాజు తండ్రి చెప్పగా విన్నాడు. ఆ ఏడుపు చూసే ఊరు నమ్మింది. ఆ తర్వాతే ఈ షెడ్డు కట్టారు. ఈ నేల కొన్నారు.

ఫోను కట్టేస్తే ఎవరికీ తెలియదు. బొమ్మ కనపడట్లేదంటే సరిపోతుంది. కోడలే కనపడట్లేదంది.

"బుల్లియ్యా," అన్నాడు. "పొద్దున మొప్ప ఎత్తి చూడమన్నది నేనే కదా."

"నువ్వే."

"అయితే ఇలా రా."

పడవ చుట్టూ నడిచి వెనక వైపుకు వెళ్ళాడు. బుల్లియ్య వెంట వెళ్ళాడు. గంగరాజు అరచేత్తో వెనక చెక్క మీది పొట్టు తుడిచాడు. నిన్న తను చెక్కిన గుర్తు పక్కన, యాభై ఏళ్ళు బాడిస పట్టిన చేత్తో ఫోను ఆనించి పట్టుకున్నాడు.

బుల్లియ్య ఫోను చూశాడు. చెక్క చూశాడు. మళ్ళీ ఫోను చూశాడు. అరవయ్యేళ్ళుగా చూస్తున్న స్నేహితుడి ముఖం చూశాడు.

కేకలు వేస్తాడనుకున్నాడు గంగరాజు. వేయలేదు.

"మీ తాత ఓడ అమ్మి ఇంటికొచ్చాడు," అన్నాడు బుల్లియ్య మెల్లగా. "ఓడ నడిపినవాడు మా తాత. మరి ఆయన ఏమయ్యాడు మేస్త్రీ?"